హస్త కార్తెలో జూమ్ మీటింగ్

కోయిలకుంట్లలో ఆరు ఋతువులు పోయి రెండు మిగిలాయి: ఫాల్, స్ప్రింగ్. కొడుకును అమెరికాకు పంపే ప్రతి ఇంటి పంచాంగం ఇదే.

"మీవాడు ఎప్పుడు పోతాడప్పా?"

"ఫాల్‌కు అన్నా."

అంటే ఆగస్టు. అప్పటికి కుందూలో నీళ్లు, వేపచెట్టు నిండా పచ్చని ఆకు. అది ఆకు రాల్చేది శివరాత్రి ముందువెనకల. ఇక జనవరిలో మొదలయ్యే చదువు పేరు స్ప్రింగ్! ఇక్కడ శనగ కోతలు, అక్కడ షికాగోలో మోకాలి లోతు మంచు. రెండు చోట్లా లేని వసంతానికి ఫీజు మాత్రం డాలర్లలో.

కంపెనీల ధోరణీ అంతే. "ఈ సమ్మర్‌లో కొత్త వెర్షన్" అని లోకమంతటికీ చాటుతారు. మన సమ్మర్ మృగశిరతో ముగుస్తుంది, వాళ్ల వెర్షన్ జులై వానల్లో దిగుతుంది. సిడ్నీ వాడు దాన్ని స్వెటర్ వేసుకుని డౌన్‌లోడ్ చేసుకుంటాడు.

తేదీల గోల వేరే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీ ఈ కోయిలకుంట్లలోనే ఉరి తీసింది. ఆ రోజును 22/02/1847 అని అమెరికా ఫారంలో కొట్టి చూడండి. ఇరవై రెండో నెల లేదు పొమ్మంటుంది. ఉరి తీసినవాడు కూడా కాదనని తేదీ అది!

మనవాళ్లేం తక్కువ తినలేదు. మెల్‌బోర్న్‌లో ఉగాదికి ఆకులు రాలుతుంటాయి, పంతులుగారు మైకులో వసంతాన్ని పిలుస్తుంటారు. ఉత్తరాయణం వచ్చింది, పొద్దు పెరుగుతుందని మురుస్తారు. అక్కడ అది రోజురోజుకూ తరుగుతోంది. ఇక నిప్పు నిషేధమున్న రోజున భోగిమంట వేశారో, మొదట వచ్చే చుట్టం ఫైరింజనే.

కాబట్టి వంతులు వేసుకుందాం. పదేళ్లు ప్రపంచమంతా కోయిలకుంట్ల లెక్క. మీటింగ్ హస్త కార్తెలో, పొద్దు వాలినాక. కొత్త వెర్షన్ శనగ నూర్పిళ్లకు. జీతాల పెంపు రోహిణి ఎండలు తగ్గినాక. హస్త ఎప్పుడో తెలియనివాడికి ప్రపంచజ్ఞానం తక్కువని అప్రైజల్‌లో రాద్దాం.

అప్పుడు కాలిఫోర్నియా మేనేజరు చెమటలు తుడుచుకుంటూ అడుగుతాడు: "సార్, నెల పేరు, తేదీ చెప్పగూడదా?"

ఏం నాయనా, ఇన్నాళ్లూ నీకు తట్టలేదా ఆ మాట?