నేను స్టెప్నీని

నన్ను చూడాలంటే డిక్కీలో సామాను దించాలి, పైన పరిచిన అట్ట ఎత్తాలి. అంత ఓపిక ఎవరికి ఉంటుంది? మిగతా నాలుగు చక్రాలూ కారును మోస్తూ ఊళ్లన్నీ తిరిగాయి. ఐదోదాన్నైన నేను చీకట్లో వెల్లకిలా పడుకుని వాటి చప్పుడు వింటూ గడిపాను.

మా వంశం 1904లో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో మొదలైంది. అప్పట్లో కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు చెడితే నడిదారిలో విప్పి బాగుచేసుకోవాల్సిందే. ఆ అవస్థ తప్పించడానికి స్టెప్నీ వీధిలోని డేవిస్ సోదరులు చెడిన చక్రానికి బిగించుకునే అదనపు చక్రాన్ని తయారుచేశారు. ఆ వీధి పేరే మాకు ఇంటిపేరైంది. ఇక నేను ఒక ఫ్యాక్టరీ అచ్చులోంచి వేడివేడిగా బయటపడ్డాను. నా పక్కగోడ మీద 1417 అని ముద్ర ఉంది. అంటే 2017లో 14వ వారం. అదే నా జాతకం.

పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు ప్రతిసారీ అడిగేవాడు, "సార్, స్టెప్నీ కూడా చూడమంటారా?" అని. "వద్దులే బాబూ, సామానంతా దించాలి" అనేవాడు మా యజమాని. నా నెత్తిన బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు. ఒకసారి జాడీ మూత ఊడి నూనె నా మీదికి కారింది. రబ్బరుకు నూనె పడదు. తుడిచినవాళ్లు లేరు. వాడని టైరు కొత్తగానే ఉంటుందనుకుంటారు. వాడకపోతే అరగదు, నిజమే. కానీ రబ్బరు ముదురుతుంది, నెలనెలా గాలి కొంచెం కొంచెం జారిపోతుంది.

ఒక వేసవిలో ఇంటిల్లిపాదీ విజయవాడ బయల్దేరారు. సూర్యాపేట దాటాక మనవరాలు స్టీరింగ్ పట్టింది. పక్కన తాతయ్య, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ముందు ఎడమ టైరులో కొద్దిరోజులుగా గాలి తక్కువగా ఉంది. గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడల్లా దాని పక్కగోడలు నలుగుతాయి, నలిగినకొద్దీ వేడెక్కుతాయి. దానికి కారు నిండా జనం, రోడ్డు మీద వేగం, పైన ఎండ తోడయ్యాయి. ఢామ్మని పేలింది. కారు ఒక్కసారిగా ఎడమకు లాగింది.

"బ్రేకు తొక్కకు తల్లీ! స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకో. తిన్నగా పోనియ్యి. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తియ్యి" అన్నాడు తాతయ్య, గొంతు పెంచకుండా. బ్రేకు మీదికి పోబోయిన ఆమె కాలు ఆగింది.

పేలిన చక్రం కారును తనవైపు ఈడుస్తుంటుంది. ఆ క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగ్ విసురుగా తిప్పినా కారు గిర్రున తిరగవచ్చు, పల్టీ కొట్టవచ్చు. పట్టు వదలకుండా తిన్నగా పోనిస్తే వేగం దానంతటదే తగ్గుతుంది. ఆమె అలాగే చేసింది. వేగం బాగా తగ్గాక ఎడమ అంచుకు తెచ్చి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించింది.

తాతయ్య అందరినీ ఎడమ తలుపుల్లోంచే దింపి రెయిలింగ్ అవతలికి పంపాడు. ఎర్ర ట్రయాంగిల్ తీసుకుని వెనక్కి 50 మీటర్లు నడిచి నిలబెట్టాడు. హైవే సాయం కోసం 1033కి ఫోన్ చేయించాడు. హ్యాండ్‌బ్రేక్ వేసి, కారు గేర్లో పెట్టి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాడు. కారు కింద చెయ్యి పెట్టలేదు, ఎవరినీ పెట్టనివ్వలేదు.

అప్పుడు నన్ను బయటికి తీశారు. ఇన్నేళ్లకు వెలుగు చూశాను. తాతయ్య బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయాను. ఏ గడియ కోసం నన్ను దాచారో ఆ గడియ వస్తే నా ఒంట్లో గాలి లేదు. పంక్చర్ షాపు కుర్రాడు బండి మీద పంపు తెచ్చేదాకా చంటిపిల్లతో సహా అందరూ ఎండలో మాడిపోయారు. ఆ పసిదాని ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నా యజమాని మీద కోపం వస్తుంది. నెలకోసారి నన్ను చూసుకుంటే ఏం పోయేది?

గాలి నిండాక నన్ను బిగించారు. ఒక నట్టు, తర్వాత దాని ఎదుటి నట్టు, అలా మార్చి మార్చి. కారు దించాక మళ్లీ గట్టిగా బిగించారు. విజయవాడ దాకా ఆ కుటుంబాన్ని నేను మోశాను. నా జన్మకు అంతకంటే గొప్ప పని లేదు.

వారం తిరక్కుండా కొత్త టైరు వచ్చింది, నేను మళ్లీ డిక్కీలోకి. కొన్నాళ్లకు కారే మారింది. 2020 అక్టోబరు నుంచి ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు, గాలి తగ్గితే హెచ్చరించే మీటరు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని నిబంధన వచ్చింది. వాళ్ల కొత్త కారులో నాకు చోటే లేదు. ఆ కిట్టు మేకు దిగిన చిల్లును పూడుస్తుంది. పేలి చీలిన పక్కగోడను మాత్రం పూడ్చలేదు.

ఇప్పుడు పంక్చర్ షాపు వెనక పాత టైర్ల గుట్టలో ఉన్నాను. ఎండకు ఒళ్లంతా నెర్రెలిచ్చింది. చవగ్గా వస్తుందని నావంటిదాన్ని మీకెవరైనా అంటగట్టబోతే పక్కగోడ మీద నాలుగంకెలు చదవండి, వద్దనండి. నాకిక రోడ్డు వద్దు. మీ డిక్కీలో ఉన్నదాని సంగతి చూడండి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో రాసిన లెక్క ప్రకారం ఐదింటికీ గాలి పట్టించండి. పిల్లలకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు గేర్లు, క్లచ్చులతో పాటు తాతయ్య మాటా నేర్పండి. టైరు పేలితే ముందు పని చేతులది, బ్రేకు మీది కాలుది కాదు.