పేరున్న రోలు

ఆ ఇంట్లో పేరు లేని వస్తువు ఉండేది కాదు. ఇంటాయన బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన లాంతర్ల మీదా, తాళాల మీదా మూడక్షరాలు కొట్టించినట్టే ఆయనా ఇంట్లోకి వచ్చిన ప్రతి దాని మీదా ఎవరిదో ఒకరి పేరు కొట్టించేవాడు. గోల్‌బజారులో కొన్న స్టీలు గిన్నెల మీద హిందీ అక్షరాలుండేవి. మిషను పట్టుకున్నవాడికి అవే వచ్చు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన సామాను మీద తెలుగు అక్షరాలుండేవి.

వాటిని చదవగలిగింది ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్క ముసలావిడే. ఊళ్లో ఐదో తరగతి దాకా చదువుకుని కాపరానికి వచ్చింది. విజయనగరం నుంచి రాయపూర్‌కి లైను 1931లో పూర్తయింది. ఆ లైను మీదే ఆవిడ మామగారు గ్యాంగు పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. మామగారి చేతిలో సుత్తి, భర్త చేతిలో స్పానరు, కొడుకు చేతిలో ఫైలు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా కొత్త జోను మొదలయ్యాక కొడుకు హెడ్డాఫీసుకి మారి, ఇప్పుడు సూపరింటెండెంటు అయ్యాడు. చదివింది హిందీ మీడియం. తెలుగు మాట్లాడతాడు. చదవడు.

కొడుకు బాలసారెకి ఆవిడ పుట్టింటివాళ్లు పంపిన సామానులో ఒక రోలు వచ్చింది. నల్లరాయి. గోనెసంచి చుట్టి బ్రేక్‌వాన్‌లో వేశారు. రాయపూర్‌లో బండి మారేటప్పుడు కూలీ చెయ్యి జారి, అంచున బొటనవేలు పట్టేంత పెచ్చు ఊడింది. క్వార్టర్లో వంటింటి మూల గోడకి ఆనించి పెట్టారు. అది అక్కడి నుంచి మళ్లీ కదల్లేదు.

ఆ రోట్లో ఆవిడ ఎక్కువగా నూరింది టమాటా పచ్చడే. పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ వాళ్లు టమాటాని పతాల్ అంటారు. పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి సిల్‌ మీద నూరి పతాల్ చట్నీ చేస్తారు. ఈవిడ టమాటాలనీ మిరపకాయల్నీ బొగ్గుల మీద కాల్చి, తొక్క తీసి నూరేది. నూరినప్పుడల్లా రెండిళ్ల మధ్యా గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి.

రెండేళ్ల కిందట కొడుకు క్వార్టరు ఖాళీ చేసి మూడో అంతస్తు ఫ్లాటులోకి మారాడు. నెల తిరక్కుండా కింది ఇంటాయన మెట్ల దగ్గర ఆపి రోటి చప్పుడు గురించి అడిగాడు. కొడుకు ఆ ఆదివారమే కబాడీవాణ్ణి పిలిచాడు. రాయి తూకానికి రాదన్నాడు వాడు. కొడుకు యాభై రూపాయలు ఎదురిచ్చి కిందికి దింపించాడు.

"దీన్నేం చేస్తావు నాయనా?" అని ఆవిడ కబాడీవాణ్ణి హిందీలో అడిగింది.

"ఎవరో ఒకరు కొంటారు మాతాజీ" అన్నాడు వాడు.

సాయంత్రానికి మూడు జార్ల మిక్సీ వచ్చింది.

ఈ వేసవిలో మనవరాలు పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. ఏం కావాలో అడగమంటే మెక్సికన్ తిందామంది. బెంగళూరులో 2010లోనే టాకో బెల్ తెరిచారని, బిలాస్‌పూర్‌కి ఇన్నాళ్లకి ఒక మెక్సికన్ హోటలు వచ్చిందని, క్లాసులో అందరూ వెళ్లొచ్చారని చెప్పింది. కొడుకు ఫోన్లో టేబులు బుక్ చేశాడు. "అత్తయ్యా, మీరూ రండి" అంది కోడలు. ఆవిడ పెట్టెలోంచి గద్వాల చీర తీసింది.

హోటల్లో గోడల నిండా ముళ్లచెట్ల బొమ్మలు. పెద్ద అంచుల టోపీ పెట్టుకుని జాంజ్‌గీర్ కుర్రాడొకడు వడ్డిస్తున్నాడు. ముందు నాచోస్ వచ్చాయి. తర్వాత టాకోలు. ఒకదాంట్లో రాజ్మా, ఒకదాంట్లో పనీరు. ముసలావిడ ఒకటి కొరికింది. సగం ఒళ్లో పడింది.

"మొక్కజొన్నల్ని సున్నపునీళ్లలో ఉడికించి, పొట్టు తీసి, రుబ్బి రొట్టెలు చేస్తారు నాన్నమ్మా" అని మనవరాలు ఫోను చూసి చెప్పింది. "టమాటా, మిరపకాయ కూడా అటువైపువే. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెస్తేనే మిరపకాయ మన దేశం వచ్చింది."

"అంతకుముందు మనవాళ్లు పచ్చడి దేంతో నూరుకునేవారో" అంది ఆవిడ.

"నీకు ఎప్పుడూ పచ్చడి గొడవే" అన్నాడు కొడుకు.

అప్పుడు సల్సా వచ్చింది. ఆ హోటల్లో దాన్ని టేబులు దగ్గరే నూరుతారు. కుర్రాడు చక్రాల బల్ల తోసుకొచ్చాడు. బల్ల మీద చెక్కపీట, పీట మీద నల్లటి రోలు, చుట్టూ కాల్చిన టమాటాలు, మిరపకాయలు, ఉల్లిపాయ, నిమ్మచెక్క. కుర్రాడు టోపీ సర్దుకుని, బట్టీ పట్టిన హిందీలో మొదలుపెట్టాడు. దీన్ని మోల్కాహేతే అంటారు. మెక్సికోలో అగ్నిపర్వతపు రాతితో చెక్కుతారు. ఇది రెండు వందల ఏళ్లనాటిది. ఓడలో తెప్పించారు.

మనవరాలు ఫోనులో బొమ్మ చూసింది. "మోల్కాహేతేకి మూడు కాళ్లుండాలి కదా?"

"ఓడలో విరిగిపోయాయి" అన్నాడు కుర్రాడు.

కొడుకు కుర్చీలోంచి లేచి రోలు చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. కుర్రాడు నూరడం మొదలుపెట్టాడు. కాలిన టమాటా వాసన టేబులంతా పట్టింది. కొడుకు ఒక నాచో ముంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఈ రుచి మిక్సీలో వస్తుందా? రాదు" అన్నాడు. "చూశావా అమ్మా, వాళ్ల ముత్తవ్వల కాలం నాటి రాయిని ఇప్పటిదాకా ఎంత భద్రంగా దాచుకున్నారో! మెక్సికోవాళ్లకి పాతవాటి విలువ తెలుసు. మనవాళ్లకి ఆ జ్ఞానమే లేదు."

ఇంకోసారి నూరమని చెప్పాడు. మెనూలో రోటి సల్సా వెల 349 రూపాయలు.

ముసలావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. రోటి అంచు మీద చెయ్యి వేసింది. బొటనవేలు తడుముకోకుండా వెళ్లి ఒక గుంటలో కూర్చుంది. కాసేపు అలాగే ఉంచింది.

"రాయి నునుపెక్కింది. కక్కు కొట్టించండి" అంది కుర్రాడితో.

కుర్రాడికి అర్థం కాలేదు. చేతి సైగతో ఉలీ సుత్తీ చూపించింది. వాడు నవ్వి, ఆవిడకి ఆసక్తి ఉందనుకుని రోలుని పీటతో సహా ఇటు తిప్పాడు.

"ఇటు చూడండి మాతాజీ. దీని మీద రాత ఉంది. ఆజ్టెక్ లిపి. మా హోటల్‌కి ఎంతోమంది వచ్చారు, ఒక్కరూ చదవలేకపోయారు."

రాతి మీద ఒక వరసలో అక్షరాలున్నాయి. సగం అరిగాయి. గాట్లలో పాత పచ్చడి నల్లగా గడ్డకట్టింది.

"ఆజ్టెక్‌లు బొమ్మలతో రాసేవాళ్లు కదా" అంది మనవరాలు. "ఇవి గుండ్రంగా ఉన్నాయేటి?"

కుర్రాడి దగ్గర దానికి జవాబు లేదు. కొడుకు ఫోనులో ఫొటో పెద్దది చేసి చూశాడు.

"ఎవరో గొప్పవాడి పేరై ఉంటుంది" అన్నాడు. "రాజో, మంత్రో. ఊరికే ఎవడి పేరు పడితే వాడిది రాతి మీద చెక్కించరు. ఎంత ప్రేమ ఉంటే చెక్కిస్తారు!"

కోడలు ఆ మాటకి తలూపింది. కుర్రాడు కూడా ఊపాడు. రేపటి నుంచి వచ్చేవాళ్లకి అదే చెప్పొచ్చు.

ముసలావిడ కళ్లజోడు తీసి గద్వాల చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. వేలిని మొదటి అక్షరం మీద పెట్టి, ఒక్కొక్కదాని మీదుగా చివరిదాకా నడిపించింది. పెదవులు కదిలాయి.

మనవరాలు అది చూసింది.

"నాన్నమ్మా, నీకు చదవడం వస్తోందా? ఎవరి పేరది?"

ఆవిడ చేతికంటిన పచ్చడి కాగితం రుమాలుతో తుడుచుకుంది.

"దీన్ని పారేసినవాడిది."