శిఖరవిజయ ప్రశస్తి

1953 మే 29వ తేదీన టెన్సింగు, హిల్లరీలిరువురును ఎవరెస్టు శిఖరముపై పాదము మోపిరి; ఆ యేడే అక్టోబరు 1న మా ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాను వీడి ఆంధ్రరాష్ట్రమున చేరినది. ఈ రెండింటికిని సంబంధ మేమియు లేదని చరిత్రకారులు తలంతురు గాక; ఆదివారము తెల్లవారకమునుపే కారెక్కి గుత్తికోటకు తరలిపోవు మా యువకుల వాలకము చూచినవారికి, హిల్లరీగారి వారసత్వము ఆలూరు బస్టాండు మీదుగానే సంక్రమించినదను నమ్మకము కలుగక మానదు.

చీలమండలు దాటిన బూట్లు, మోకాళ్లకు పట్టీలు, రెండు చేతులకు రెండు కర్రలు, రొమ్మునకు బిగించిన కెమెరా, వీపున కాశీయాత్రకు చాలినంత సంచి: ఇన్ని సంభారములతో నొక పూటలో ఎక్కి దిగు కొండకు పోయి, పొద్దుగూకు వేళకు శిఖరమును జయించితిమని ఫోనులో చాటుట నేటి ఆచారము. ఆ కోటను నిజముగా జయించినవాడు హైదరాలీ. అతడును 1776 ప్రాంతమున నెలల తరబడి ముట్టడి వేసి, లోపల కోటనేలు మురారిరావు సైన్యమునకు త్రాగునీరు అడుగంటిన పిదప గాని లోనికి అడుగిడలేకపోయెను. నేటి విజేతలకు ఆ కొరత లేదు. మురారిరావు గద్దె చుట్టును దొర్లాడు ఖాళీ సీసాలే అందులకు సాక్ష్యము.

ఇక ఎత్తు సంగతి. గుత్తికొండ సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన మాట వాస్తవమే. మనవారు ప్రకటించునదియు ఆ అంకెనే. కాని కొండ తన చుట్టునున్న నేలనుండి లేచినది ఇంచుమించు వేయి అడుగులు మాత్రమే. తక్కిన భాగమును రాయలసీమ పీఠభూమియే ఏనాడో ఎక్కి పెట్టినది. అనగా మన వీరుడు సగము పర్వతమును కారు వెనుక సీటులో గుఱ్ఱుపెట్టి నిద్రించుచు అధిరోహించినాడన్నమాట. ఇట్టి సిద్ధి పూర్వము యోగులకు సైతము కలదని వినలేదు.

ఎత్తులు కొలుచు విద్యతో మా సీమకు పాత చుట్టరికమే కలదు. లాంబ్టన్ దొర ప్రారంభించిన త్రికోణమితి సర్వే ఉత్తరమునకు సాగుచు 1811లో గుత్తి సమీపమున ఆధారరేఖను కొలిచినది. ఆ సర్వేయే కాలక్రమమున హిమాలయములను చేరి, 1852 ప్రాంతమున ఎవరెస్టు ఎత్తును లెక్క తేల్చినది. అర టన్ను బరువుగల థియొడొలైటును గుట్టల నెత్తికి, గుడి గోపురముల నెత్తికి చేర్చిన కళాసీలు ఏ శిఖరమును జయించినట్లును చెప్పుకొనలేదు. పాపము, వారికి ఫోనులు లేవు.

ఫోనులున్న కాలమందైనను అందరికిని ఈ యుక్తి తోచుట లేదు. తిరుమల కెక్కు అలిపిరి దారిలో మూడువేల ఐదువందలకు మించిన మెట్లున్నవి. మెట్టు మెట్టునకును వంగి పసుపు, కుంకుమ లద్దుచు ఎక్కు ముసలమ్మలను, మోకాళ్ల పర్వతమును మోకాళ్లతోనే ప్రాకు మ్రొక్కుబడివారిని ఎవరైనను చూడవచ్చును. వారు పైకి పోయి తలనీలాలర్పించి తల తేలిక చేసికొని దిగుదురు. మనవారు తల బరువెక్కించుకొని దిగుదురు. దేవరగట్టు కొండపై విజయదశమి రాత్రి కాగడాలతో, కర్రలతో ఉత్సవపోరునకు గుమిగూడు వేలాది జనులలోను పర్వతారోహకులమని చెప్పుకొన్నవాడొక్కడును లేడు. (అచట తలలు పగులుటను నేను మెచ్చుచున్నానని ఎవరును భావింపకుందురు గాక.)

గుత్తితో తృప్తి చెందని ధీరులు కిలిమంజారోకు పోవుదురు. 5895 మీటర్ల ఆ శిఖరముపై కొందరు మన సర్కారు పథకముల పేర్లుగల పతాకమును, నాయకుని ముఖబింబమును ఎగురవేసిరి. పర్వతమునకు ఓటుహక్కు లేదన్న సంగతి వారి కెవరును చెప్పియుండరు. గుడారమును, బియ్యమును, వంటపాత్రలను నెత్తిన మోసికొని వచ్చిన టాంజానియా కూలివాడు ఆ చిత్రమున కానరాడు. పతాకము వానికంటె వెడల్పైనది గదా!

నిజముగా శిఖరముల నెక్కినవారును మనలో లేకపోలేదు. 2014 మే 25న పదమూడేండ్ల మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమారుతో కూడి ఎవరెస్టు నెక్కినది. నెల్లూరుసీమ బిడ్డడు మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 దినములలో సప్తఖండముల శిఖరముల నెక్కి, 2015లో ఆండీసు పర్వతములలో ప్రాణము విడిచెను. వారి ప్రసక్తి ఈ వ్యాసమునకు చెందదు. వారి పేర్లను తమ సంచికి కట్టుకొని గుత్తికి పోవువారి ప్రసక్తియే చెందును.

ఇట్టివారికి కార్యాలయములలో శాలువలు కప్పి ప్రశంసాపత్రములిచ్చుట పరిపాటియైనది గనుక, నాదొక మనవి. వానలు ముఖము చాటేసిన యేట మా పల్లెలవారు గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అనగా కోతకూలికి, పోవుదురు. ఇంటికి తాళము వేసి, బియ్యపుమూట, చెంబుతపేల, చంటిబిడ్డతో లారీపైకెక్కి మూటల నడుమ కూర్చుండి రాత్రియంతయు పయనింతురు. బూట్లు లేవు, పట్టీలు లేవు, మార్గదర్శి మేస్త్రీ యొక్కడే. ఈ ఆరోహణమునకును పత్రములిప్పింపుడని అర్జీ వ్రాసితిని. అర్జీ నందుకొన్న గుమాస్తా సజ్జనుడు. సానుభూతితో చదివి, ఎత్తు అను గడి ఖాళీగా నున్నదని తిప్పి పంపినాడు. లారీ ఎత్తును రోడ్డునుండి కొలువవలెనా, సముద్రమట్టమునుండి కొలువవలెనా అని మరల వ్రాసి అడిగియున్నాను.