అస్త్రాలకన్నా అలకలే

యుద్ధం సినిమా చూసినవాళ్ళు యుద్ధం గురించే మాట్లాడుకుంటారనుకుంటే, వాళ్ళు ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కలేదన్నమాట. గౌతమి దాటి కోటిపల్లిలో దిగేలోపు పాత పౌరాణికాల ఊసు వస్తే జనం ఏం చెప్పుకుంటారో వినాలి. దుర్యోధనుడు సభలోకి ఎలా నడిచొచ్చాడో చెబుతారు. శకుని పాచికలు ఎలా నలిపాడో, కీచకుడు కనుబొమ్మ ఎంత ఎత్తుకి లేపాడో చేసి మరీ చూపిస్తారు. పద్దెనిమిది అక్షౌహిణులు పద్దెనిమిది రోజులు కొట్టుకున్నాయి కదా, అందులో ఏడో రోజు ఏం జరిగిందండీ అని అడిగి చూడండి. మోటారుసైకిల్ స్టాండు సరిచూసుకుంటూ ఏటి వంక తిరిగిపోతారు. అది వాళ్ళ మతిమరుపు కాదు. పదిమంది ఉద్దండులు కలిసి నటించిన యుద్ధం సినిమాలు యాభై అరవై ఏళ్ళయినా జనం నోట్లో నానుతున్నాయంటే, అందుకు కారణం యుద్ధం కాదని నా వాదన. యుద్ధానికి ముందు జరిగే పంచాయితీ వల్లే అవి బతికున్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి ఏ పని అప్పజెప్పాలి, ఎవరి పేరు ముందు చదివితే ఎవరికి కోపం, అలిగినవాణ్ణి బతిమాలేది ఎవరు అన్నదే అసలు కథ. ఆ తర్వాత వేసే బాణాలు టిక్కెట్టు కొన్నందుకు కొసరు.

ఇదేదో సినిమావాళ్ళు పట్టుకొచ్చిన జాడ్యం కాదు, భారతంలోనే ఉంది. ఉద్యోగపర్వంలో ద్వారక పడకగది చూడండి. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు కూర్చున్నాడు. అర్జునుడు తర్వాతొచ్చి కాళ్ళవైపు సర్దుకున్నాడు. కృష్ణుడు కళ్ళు తెరవగానే కాళ్ళవైపు ఉన్నవాడే కనిపించాడు. ఇంకేముంది, లోకంలోని రాజులందరి తలరాత ఆ కుర్చీల దగ్గరే తేలిపోయింది. కోరుకోమంటే అర్జునుడు ఆయుధం పట్టనన్న కృష్ణుణ్ణి కోరుకున్నాడు, దుర్యోధనుడు సైన్యం దక్కిందని సంబరపడ్డాడు. యుద్ధం సినిమాకి యుద్ధం కోసమే వెళ్ళే ప్రేక్షకుడు ఈ రెండో పార్టీ మనిషి. ఇంకాస్త ముందుకెళితే మరీ విడ్డూరం. భీష్ముడు సేనాపతి పదవి తీసుకుని తమ పక్షంలో రథులెవరు, అతిరథులెవరు అని జాబితా చదువుతాడు. కర్ణుడి దగ్గరకొచ్చేసరికి అర్ధరథుడు పొమ్మంటాడు. అంతే, ఆ ముసలాయన పడిపోయేదాకా నేను విల్లు పట్టనని కర్ణుడు డేరాలో కూర్చున్నాడు. భీష్ముడు పడేసరికి పది రోజులైంది. పద్దెనిమిది రోజుల యుద్ధంలో పది రోజులు కౌరవుల వైపు మొదటి వరుస వీరుడు లేకుండా జరిగింది, అదీ పోస్టరు మీద పేరు చిన్న అక్షరాల్లో వేశారన్న కోపంతో. సినిమా రంగం పుట్టడానికి కొన్ని వేల ఏళ్ళ ముందే మనకి సినిమా తగువులు పూర్తిస్థాయిలో ఉండేవి.

ఈ కిటుకు తెలిసినవాళ్ళు తిరుపతి వేంకట కవులు. ఆ జంటలో చెళ్ళపిళ్ళవారు పుట్టిన కడియం మనకి ఏటి అవతల ఊరే. పాండవోద్యోగ విజయాలు రాసి, రాయబారాన్ని తెలుగువాళ్ళ సొంత ఆస్తి చేసేశారు. కల్యాణోత్సవాలకో తీర్థాలకో పందిరి వేసి నాటకం ఆడించే ఊళ్ళలో దాన్ని ‘కురుక్షేత్రం’ అనే పిలుస్తారు. పేరు యుద్ధభూమిది, జనం కూర్చునేది పడక సీను కోసం, రాయబారం సీను కోసం. పడక సీనులో కృష్ణుడి వేషగాడి కష్టం దగ్గర్నుంచి చూడదగ్గది. మంచం మీద వాలి, కిరీటం జారకుండా ఒక చెయ్యి తలకింద పెట్టుకుని, అవతల ఇద్దరూ హార్మోనీ శ్రుతిలో గొంతులు చించుకుంటుంటే ఆయన నిద్ర నటించాలి. ముందు వరుసలో ‘ఒన్స్ మోర్’ అని ఎవడైనా కేక పెడితే మళ్ళీ మొదటినుంచి నిద్రపోవాలి. ఒకే నాటకంలో పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు దిగడం కూడా మామూలే. దేవుడు మారిపోయాడేమిటని అడిగినవాడు లేడు, ఆ సీను పద్యం ఎవరు బాగా పాడతారన్నదే లెక్క. తీరా యుద్ధం వచ్చేసరికి తెల్లవారుజామవుతుంది, పిల్లలు చాపల మీద అడ్డదిడ్డంగా పడుకుని ఉంటారు, పెద్దవాళ్ళు చెప్పులు వెతుక్కుంటుంటారు.

సినిమాలు ఈ బాటలోనే నడిచాయి. 1957 నాటి ‘మాయాబజార్’లో భారత వీరుల కుటుంబాలన్నీ ఉన్నాయి గాని పంచపాండవుల్లో ఒక్కరూ తెరమీద కనిపించరు. యుద్ధం చెయ్యవలసిన ఐదుగురినీ ఇంటి దగ్గరే వదిలేసి, పెళ్ళిపెద్దల్నీ వంటవాళ్ళనీ పిలుచుకొచ్చి తీసిన సినిమా అది. తెలుగువాళ్ళు అంతకన్నా బాగున్న సినిమా ఇంకోటి ఉందంటే ఒప్పుకోరు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ సంగతీ అంతే. కీచకుడిగా ఎస్.వి. రంగారావు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యారు, భీముడి వేషానికి ఏకంగా బరువులెత్తే వస్తాదు దండమూడి రాజగోపాల్‌నే తెచ్చారు. అంత సరంజామా పెట్టుకుని అసలు యుద్ధం ఎలా జరుగుతుందంటే, సమ్మోహనాస్త్రం పడగానే కౌరవసేన మొత్తం నిద్రపోతుంది. మనకి నచ్చింది దానికి ముందు భాగం. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు కోసిన ఉత్తరుడు, సేన కనబడగానే రథం దూకి పరిగెడతాడు. ఆ వేషం మన గోదావరి మనిషి రేలంగిది. భయపడేవాడు ఒకడుంటేనే మిగతావాళ్ళు ధైర్యవంతులని తెలుస్తుంది. అందరూ వీరులైతే అది సినిమా కాదు, పోలీసు పెరేడు.

‘యుద్ధం లేకపోతే యుద్ధం సినిమా ఎలాగవుద్దండీ, ఆయ్?’ అని మావైపు ఎవరైనా అడ్డుతగలొచ్చు. యుద్ధం ఉంది, కాదనను. అది ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. ఈ రథం మీద ఒకాయన, ఆ రథం మీద ఒకాయన, రథాలు రెండూ కదలవు, వెనక ఆకాశం మాత్రం కదులుతుంటుంది. ఈయన కళ్ళు మూసుకుని పెదవులు కదిపితే బాణం మొన మీద నిప్పురవ్వ పుడుతుంది. వదిలాక అది తొందరపడదు. నింపాదిగా తెర మధ్యదాకా వెళ్ళి, అవతలినుంచి అంతే నింపాదిగా వచ్చిన బాణాన్ని ముక్కుకి ముక్కు ఆనించి, కాసేపు తోసుకుని, చిచ్చుబుడ్డిలా ఆరిపోతుంది. నాగాస్త్రానికి గరుడాస్త్రం, ఆగ్నేయానికి వారుణం, ఎప్పుడూ జంటలే. తర్వాత ఏది వస్తుందో నేలక్లాసులో పిల్లాడు కూడా ముందే చెప్పేసేవాడు. ఆ ట్రిక్కు ఫొటోగ్రఫీ చేసినవాళ్ళ పనితనాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు, ఆ రోజుల్లో అది మహా కష్టం. కాని కేవలం అదే అయితే ఈ సినిమాలు మొదటివారం దాటి బతికేవి కావు.

నా వాదనకి గట్టి దెబ్బ 1977 సంక్రాంతికి తగిలిందని సినిమా చరిత్ర తెలిసినవాళ్ళు లేస్తారు. జనవరి 14న, ఒకేరోజు, ఒకే యుద్ధం మీద రెండు సినిమాలు విడుదలయ్యాయి. ఒకటి కమలాకర కామేశ్వరరావు తీసిన ‘కురుక్షేత్రం’. అర్జునుడిగా కృష్ణ, కృష్ణుడిగా శోభన్‌బాబు, కర్ణుడిగా కృష్ణంరాజు. (కృష్ణుడి వేషం కృష్ణకీ రాలేదు, కృష్ణంరాజుకీ రాలేదు, అది వేరే సంగతి.) రెండోది ఎన్టీ రామారావు తీసిన ‘దానవీరశూర కర్ణ’. అందులో కర్ణుడు ఆయనే, దుర్యోధనుడు ఆయనే, కృష్ణుడూ ఆయనే. ముగ్గురు హీరోలున్న సినిమా వెనకబడింది, ముగ్గురూ ఒక్కడే అయిన సినిమా రికార్డులు కొట్టింది. మరి పదిమంది మధ్య పంచాయితీయే బలం అన్నావు కదా అంటారు. అన్నాను. పదిమంది అంటే పది ముఖాలు కాదు, పది మనస్తాపాలు. రామారావుగారి సినిమాలో కర్ణుడికి పుట్టుక బాధ, దుర్యోధనుడికి అభిమానం బాధ, కృష్ణుడికి ఇద్దరి బాధా తెలిసిన నవ్వు. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు ఎవరివి వాళ్ళకే సరిపోతాయి, ఒకరివి ఇంకొకరికి పెడితే కిరీటం వదులైనట్టుంటుంది. ఆయన తనతో తనే రాయబారం జరుపుకుని, తనకి తనే ఎదురుచెప్పి, నాలుగు గంటలకి దగ్గరపడ్డ సినిమాని నడిపించాడు. దుర్యోధనుడికి పాట కూడా ఇచ్చాడు, అదీ యుగళగీతం. మనుషులు చాలక చలపతిరావు కూడా ఒకటికి మించి వేషాలు కట్టారు.

ఆ రోజు ఇంకో విచిత్రం జరిగింది. కైకాల సత్యనారాయణ ఒక సినిమాలో భీముడు, రెండోదాంట్లో దుర్యోధనుడు. మాట్నీకి ఒకటి, ఫస్టు షోకి ఇంకోటి చూసినవాడికి మధ్యాహ్నం ఎవరి తొడలు విరగ్గొట్టాడో సాయంత్రం ఆ తొడలే ఆయనకి మొలిచినట్టుండాలి. జనం ఏమాత్రం తడబడలేదు. మనం చూసేది మనిషిని కాదు, ఆ సభలో అతనికున్న చోటుని. ఇంకా అనుమానం ఉంటే బడి వార్షికోత్సవానికి వెళ్ళండి. సుయోధనుడి ఏకపాత్రాభినయం కట్టిన పిల్లవాడు అట్ట కిరీటంతో, మీసం సగం చెరిగిపోయి, సభలో అడిగిన ప్రశ్నలే గుక్కతిప్పుకోకుండా అడుగుతాడు. గదాయుద్ధం అభినయించే పిల్లవాడు ఎక్కడా కనబడడు. పాతమీద మమకారంతో జనం చూస్తున్నారనేవాళ్ళకి కూడా ఇదే జవాబు. ఆ పిల్లవాడికి పాతంటే పోయిన ఏడాది తరగతి పుస్తకం.

పరాయి దేశాల్లోనూ తీరు మారలేదు. 1954లో కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ మూడున్నర గంటలకి కాస్త తక్కువ. దాంట్లో మొదటి గంట ఊరిని కాపాడే మనుషుల్ని పోగెయ్యడానికే సరిపోతుంది. రైతుల దగ్గర డబ్బు లేదు, కడుపునిండా వరన్నం పెడతామంటారు, తాము మాత్రం చిరుధాన్యాలు తిని సరిపెట్టుకుంటారు. వరి పండించే మనకి ఆ బేరం బరువు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ‘ది డర్టీ డజన్’లో పన్నెండుమంది ఖైదీలు సినిమాలో సింహభాగం శిక్షణలోనే తిట్టుకుంటూ గడుపుతారు. ‘ది గ్రేట్ ఎస్కేప్’లో అయితే యుద్ధమే లేదు, ఉన్నది పారిపోవడానికి యుద్ధఖైదీలు చేసుకునే పనుల పంపకం. దొంగ కాగితాలు రాసేవాడు ఒకడు, సామాను కాజేసుకొచ్చేవాడు ఒకడు, సొరంగం తవ్వేవాడు ఒకడు. కాగితాలు రాసేవాడికి చూపు మందగిస్తుంది, సొరంగం తవ్వేవాడికి ఇరుకంటే భయం. వ్యాసుడు చూసుంటే మా పిల్లలే అనేవాడు.

‘బాహుబలి’ ఆ లెక్క మార్చేసిందని కుర్రకారు అంటారు. కాలకేయులతో యుద్ధం నిజంగానే పెద్దది, పనితనమూ గొప్పది. అయితే త్రిశూలవ్యూహంలో మనకి రక్తం పొంగించింది ఏమిటి? బిజ్జలదేవుడు ఆయుధాల పంపకంలో కొడుకు పక్షం వహించడం, రెండోవాడైన బాహుబలి ఉన్నదాంతో, గుడ్డలతో, నూనెతో సరిపెట్టుకోవడం. ఆస్తి పంపకాల్లో అన్నకి రోడ్డు పక్క కొబ్బరితోట, తమ్ముడికి ముంపు చేను వచ్చిన ఏ ఇంట్లోనైనా ఆ సీను అర్థమవుతుంది. 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశం దేశమంతా ఎదురుచూసింది రెండో యుద్ధం కోసం కాదు. ఒక బానిస సేనాని వెన్నుపోటు ఎందుకు పొడిచాడో తెలుసుకోవడం కోసం. వందల కోట్ల సినిమాని పంచాయితీ ప్రశ్న ఒక్కటి రెండేళ్ళు మోసింది.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నవ్వుతూ జవాబు చెప్పలేను. యుద్ధంలో మనుషులు చచ్చిపోతారు, దాన్ని అలకల కచేరీ చేస్తే ఎలా అన్నది. పల్నాడు సంగతే చూడండి. కోడిపందెంలో మొదలైన పంతం కారెంపూడి యుద్ధంలో తేలింది. సంక్రాంతికి మన తోటల్లో జరిగే పందేలు యుద్ధందాకా పోలేదు కాబట్టి బతికిపోయాం. 1947లోనూ 1966లోనూ సినిమాలుగా వచ్చిన ఆ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెడతాడు, కన్నమదాసుని సేనానిని చేస్తాడు. ఆ చాపమీద ఎవరెవరు తిన్నారో చూశాం కనకనే చివర్లో ఎవరు పడిపోయారో లెక్క తెలుస్తుంది. ‘ది గ్రేట్ ఎస్కేప్’ వెనక ఉన్న అసలు సంఘటనలో తప్పించుకున్న 76 మందిలో 50 మందిని నాజీలు కాల్చి చంపారు. అది పుస్తకంలో అంకె. సినిమా చూశాక ఆ అంకెలో చూపు మందగించినవాడూ ఉంటాడు. పేరు తెలియని లక్షమంది చచ్చిపోతే మనం మరమరాలు తింటూ చూడగలం, పద్మవ్యూహంలో అభిమన్యుడు ఒక్కడు పోతే పొట్లం చేతిలో అలాగే ఉండిపోతుంది. కాబట్టి అలకలు చూపించని యుద్ధం సినిమాయే చావుని తేలిక చేసేది.

ఇన్ని తీశారు గాని, నిర్మాతలు శల్యుడి విలువ పూర్తిగా కనిపెట్టలేదు. ఆయన పాండవులకి మేనమామ, నకుల సహదేవుల తల్లి తోబుట్టువు. సైన్యంతో మేనల్లుళ్ళ వైపే బయల్దేరాడు. దారిపొడవునా విడిదులు కట్టించి, వంటలు చేయించి, దుర్యోధనుడు చాటుగా మర్యాదలు జరిపించాడు. ఇంత బాగా చూసుకున్నది ఎవరో గాని వాళ్ళకి వరం ఇస్తానన్నాడు శల్యుడు, తిన్న చేతితోనే. అలా పక్షం మారిపోయింది. యుద్ధం ఒక్క షాటు లేకుండా, దారి భోజనాల మీదే మూడు గంటల సినిమా నడుస్తుంది. ముక్తేశ్వరం చుట్టుపక్కల తీస్తే మర్యాదల సెట్టుకి పైసా ఖర్చుండదు, ఏ ఇంటి అరుగెక్కినా చాలు. కాకపోతే నిర్మాత ముందే ఒక సంగతికి సిద్ధపడాలి. మా వీధుల్లో పూతరేకులూ పనసపొట్టు కూరా అయ్యాక ఆవకాయతో ఇంకో ముద్ద కలుపుకోండని బలవంతం మొదలైతే, శల్యుడు ఏ పక్షానికీ వెళ్ళడు.