విప్పి బిగించే విద్య

జర్మనీలో ఒక వ్యాను పూర్తిగా తయారయ్యేది. తయారయ్యాక దాని ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు విప్పేసి, అన్నీ విడివిడిగా ఓడెక్కించి, సౌత్ కరోలినాలోని లాడ్సన్‌లో మళ్లీ బిగించేవారు. ఇది పిచ్చిపని కాదు, పన్నుపని. అమెరికా కోళ్లు చవగ్గా వచ్చిపడుతున్నాయని 1960ల మొదట్లో యూరప్ సుంకం వేసింది. దానికి బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ బ్రాందీ మీదా, బంగాళాదుంప గంజిపిండి మీదా, తేలికపాటి ట్రక్కుల మీదా 25 శాతం వడ్డించాడు. బ్రాందీ, గంజిపిండి ఎప్పుడో బయటపడ్డాయి. ట్రక్కు మాత్రం ఇప్పటికీ కోడి చేసిన పాపం మోస్తోంది. ఆ పన్ను తప్పించుకోవడానికే మెర్సిడెస్ స్ప్రింటర్ సరకు వ్యాన్లు ఏళ్ల తరబడి ఇలా ముక్కలై వచ్చాయి. 2018లో పక్కనే నార్త్ చార్లెస్టన్‌లో పూర్తిస్థాయి ఫ్యాక్టరీ మొదలయ్యాక గానీ ఈ తంతు ఆగలేదు.

బండిని ఖండాంతరాల్లో విప్పి బిగించగలిగిన ఈ పరిశ్రమకు ఒక్క సెన్సరు మార్చడానికి వారాలు ఎందుకు పడతాయని అడిగేవాళ్లున్నారు. అమాయకులు. అక్కడ మిగిలింది కంపెనీ సొమ్ము, ఇక్కడ పోయేది మీ సెలవు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, కాలిఫోర్నియా బే ఏరియాలోనో ఉండే మన ఇంజనీరు గారిని తీసుకోండి. అలాంటి వ్యానులో మంచం, పొయ్యి, సింకు అమర్చిన క్యాంపర్ కొన్నారు. కుక్కరు, ఆవకాయ సీసా, అత్తమామలు, అందరితో ఎల్లోస్టోన్ బయల్దేరారు. దారిలో డ్యాష్‌బోర్డు మీద ఒక దీపం వెలిగింది. ఇంకా పది స్టార్టులే మిగిలాయి, ఆపైన బండి కదలదట. పెట్రోలు బంకులో ఆపాలా, వద్దా? మామగారి బాత్రూముకి ఒక స్టార్టు ఖర్చు పెట్టాలా? ఆ కుటుంబంలో అప్పటిదాకా ఎవరూ ఇంత పొదుపుగా బతకలేదు.

తప్పు డీఈఎఫ్ అనే ద్రవానిది, లేదా దాన్ని కొలిచే సెన్సరుది. ఆ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. డీజిల్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది విరిచేస్తుంది. 2025 ఆగస్టులో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి ఎదురుచూశారు. అమెరికాలో ఈ యూరియా ద్రవం చాలా బంకుల్లో దొరుకుతుంది. ట్యాంకు నిండా అది ఉండగానే, లేదని సెన్సరు ప్రమాణం చేస్తే బండి సెన్సరునే నమ్ముతుంది.

సరే, డీలరుకు ఫోను. ఊళ్లో నక్షత్రం గుర్తు షోరూము అద్దాలతో మెరిసిపోతూ ఉంటుంది, కానీ అది కార్లది. వ్యాన్లు చూడటానికి వేరే అనుమతి ఉన్న డీలరు కావాలి. ఆ డీలరు పక్క జిల్లాలో ఉంటాడు. అక్కడి లిఫ్టు మీద తొమ్మిదడుగుల ఎత్తు వ్యాను, దాని నెత్తిన ఏసీ పట్టాలి. ఇవన్నీ కుదిరాక ట్యాబ్లెట్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్ ఎదురవుతాడు. ఆయన స్పానరు పట్టడు. చాలాచోట్ల ఆయన సంపాదన అమ్మిన పని మీద వచ్చే కమీషను. లోపలున్న మెకానిక్కుది ఇంకో లెక్క. పనికి ఇన్ని గంటలని పుస్తకంలో రాసి ఉంటుంది, ఎంతసేపు పట్టినా కూలీ ఆ గంటలకే. వారంటీ పనికైతే ఆ పుస్తకం మరీ పిసినారి. ఆయిలు మార్చడం లాభం. ఎప్పుడో వచ్చి ఎప్పుడో పోయే కరెంటు జబ్బును వెతకడం శుద్ధ దండగ. అందుకే మీ బండికి ఏమీ కాలేదని, కంప్యూటరులో కోడ్ తుడిచేశామని చెప్పి పంపుతారు. ఆ మెకానిక్కును తిట్టకండి, ఆయన జీతం లెక్కను ఆయన సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

ఇంతలో సింకు కింద నీళ్లు కారుతున్నాయని చెప్పారో, అయిపోయారు. అది ఇంటి భాగం, మాది బండి భాగం అంటాడు అడ్వైజరు. ఇల్లు కట్టినవాణ్ని అడిగితే, వైరింగు బండిది అంటాడు. కాలిఫోర్నియా చట్టం కూడా ఈ పంపకాన్ని ఆశీర్వదించింది. కొత్త బండి పదేపదే చెడితే వెనక్కి తీసుకోమనే సాంగ్-బెవర్లీ చట్టంలోని కొత్త బండ్ల నిబంధన మోటారు ఇంట్లో నడిచే భాగానికే వర్తిస్తుంది, మనుషులు నివసించే భాగానికి కాదు. అంటే మీరు నిద్రపోతున్నంతసేపూ వేరే దేశంలో ఉన్నట్టే.

గాలి శుభ్రంగా ఉండాలన్న చట్టంతో నాకు పేచీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఆ సెన్సరునీ ట్యాంకునీ పీకి పక్కన పడేసేవాళ్లని మురిసిపోయే మిత్రులున్నారు. ఆ పొగ పీల్చేదీ మనమే బాబూ. పైగా అమెరికాలో అలా పీకితే జరిమానా. కానీ సామాన్యుడి చేత స్టార్టులు లెక్కపెట్టించే ఈ చట్టం పెద్దవాళ్ల దగ్గర ఎంత మర్యాదగా నడుచుకుందో చూడండి. పరీక్షలో పొగ తగ్గించి, రోడ్డు మీద వదిలేసే సాఫ్ట్‌వేర్ పెట్టారన్న ఆరోపణల మీద మెర్సిడెస్ అప్పటి మాతృసంస్థ డైమ్లర్ 2020 సెప్టెంబరులో ప్రభుత్వంతో సుమారు 150 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. రెండున్నర లక్షల డీజిల్ కార్లూ వ్యాన్లూ ఆ లెక్కలో ఉన్నాయి, వాటిలో స్ప్రింటర్లూ ఉన్నాయి. వ్యాన్లలో కనీసం 85 శాతాన్ని సరిచేయడానికి కంపెనీకి ఇచ్చిన గడువు మూడేళ్లు. ఇంజనీరు గారికి పది స్టార్టులు. ఆ మరమ్మతు ఎక్కడ చేయించుకోవాలి? అపాయింట్‌మెంట్ దొరకని ఆ డీలరు దగ్గరే.

బయటి షెడ్డుకు వెళ్తే వారంటీ పోతుందేమోనని బెదిరేవాళ్లకు ఒక మాట: అలా షరతు పెట్టకూడదని 1975 నుంచీ మాగ్నసన్-మాస్ చట్టం చెబుతూనే ఉంది. డీలరు కౌంటరు మీద ఆ సంగతి చెప్పే బోర్డు మాత్రం ఎక్కడా కనపడదు. కాఫీ యంత్రం కనపడుతుంది.

చివరికి బండి బయటికొస్తుంది. ఇంజనీరు గారు బిల్లు మీద సంతకం పెట్టేలోగా అడ్వైజరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, కంపెనీ నుంచి సర్వే వస్తుంది, దయచేసి పదికి పది ఇవ్వండి సార్ అంటాడు. తొమ్మిదిచ్చినా ఫెయిలేనట.