నలుగురు ద్వారపాలకులకు జేజేలు

డెబియన్ లినక్స్ ఇంట్లో ప్యాకేజీలు ఎక్కించే పెద్దలారా! డీపీకేజీ, ఆప్టిట్యూడ్, సినాప్టిక్, ఆప్ట్ స్వాములారా! అమీన్‌పూర్ కాలనీల్లో కాపురముంటూ పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల సర్వర్లు చూసుకునే మాబోటివాళ్ల దండాలు అందుకోండి. 1993లో వెలసిన ఈ ఇంట్లో, ప్యాకేజీని ఉన్న వెర్షన్ మీదే ఆపి ఉంచే ‘హోల్డ్’ అనే ఒక్క మాటను ఇన్ని తీర్ల పెంచి పోషించారు. ఆ ఘనత మీకే చెల్లింది.

డీపీకేజీ స్వామీ, నీది పెద్ద మనసు. హోల్డ్‌లో పెట్టిన ప్యాకేజీని నీ అంతట నువ్వు ముట్టుకోవు. ఎవరైనా కొత్త డెబ్ ఫైలు తెచ్చి ఎక్కించమంటే మాత్రం కాదనలేవు. అడిగినవాణ్ని ఉత్త చేతులతో పంపని ధర్మప్రభువువి.

ఆప్టిట్యూడ్ స్వామీ, ఇంటి గుట్టు కాపాడటంలో నీ తర్వాతే ఎవరైనా. ఎన్నో ఏళ్లు నీకు చెప్పిన హోల్డ్‌ను ‘పీకేజీస్టేట్స్’ అనే సొంత ఫైలులోనే రాసుకున్నావు. మేం నీ తెరమీద ఈక్వల్ మీట నొక్కి, ఇక ఆగిందిలే అని పడుకుంటే, ఆప్ట్ స్వామి ఆజ్ఞ ఆప్ట్-గెట్ వచ్చి అదే ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేసి పోయేది. అయినా నువ్వు నోరు విప్పలేదు.

సినాప్టిక్ స్వామీ, నీ దర్శనం కన్నుల పండుగ. ‘లాక్ వెర్షన్’ మీద టిక్కు పెడితే చాలు, నీ ప్రిఫరెన్సెస్ ఫైలులో భద్రంగా దాస్తావు. టెర్మినల్లో ఆప్ట్-గెట్‌కు ఆ తాళం ఆనదంతే.

మీ లీలల విలువ మా మందుల కంపెనీలకు బాగా తెలుసు. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు ఏ వెర్షన్ మీద వ్యాలిడేషన్ జరిగిందో ఆ వెర్షనే నడవాలి. మార్చాలంటే ఛేంజ్ కంట్రోల్ కాగితం, క్యూఏ సంతకం, మళ్లీ పరీక్షలు. డేటాబేస్ ఒక్క మెట్టు పైకెక్కినా ఫైలులో ఒక వెర్షన్, మెషీన్‌లో ఇంకోటి. ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది మీరు కాదు, కింది ఉద్యోగి. ఫ్యాక్టరీకి నాలుగు గేట్లుండి, వాచ్‌మన్‌కొక రిజిస్టర్ ఉంటే, మెయిన్ గేటులో ఆపిన లారీ వెనక గేటులోంచి దర్జాగా లోపలికొస్తుంది.

ఆప్ట్ స్వామీ, నిన్ను మాత్రం మనసారా మెచ్చుకోవాలి. ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’తో డీపీకేజీ పుస్తకంలోనే రాయడం నేర్చుకున్నావు. మేం ముందే అన్నిటికీ సరేనని ‘మైనస్ వై’ పెట్టినా, హోల్డ్‌లో ఉన్నదాన్ని మార్చాల్సొస్తే ఆగిపోయి, విడిగా అనుమతి అడుగుతున్నావు. ఈ బుద్ధి అందరికీ మొదటి రోజునుంచే ఉంటే మా స్తోత్రం ఇంత పెరిగేది కాదు.

స్వాములారా, మాకు కావలసింది ఒక్కటే వరం. హోల్డ్ ఒకే చోట రాయండి, అందరూ అదే చదవండి, దాటాల్సొస్తే అడిగి దాటండి. తోటి ఉద్యోగులారా, ఏ తెరమీద ఏ తాళం బొమ్మ కనిపించినా నమ్మి ఊరుకోకండి. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ కొట్టి చూడండి. ఆ జాబితాలో పేరు లేని ప్యాకేజీని మీరు హోల్డ్‌లో పెట్టినట్టు ఆప్ట్‌కు తెలియదు.