మంచిగనే ఉన్నది గానీ...

గద్వాల నుంచి వనపర్తి మీదుగా కొల్లాపూరు దాకా, అక్కడి నుంచి కిందికి దిగి సోమశిల రేవు దాకా, ఊరికొక గానీ సారు తప్పకుండా ఉంటాడు. సారు అన్నంత మాత్రాన బడిపంతులే కానక్కర్లేదు. తహసీలు ఆఫీసులో రిటైరైనవాడు కావచ్చు, ఎరువుల దుకాణం నడిపేవాడు కావచ్చు, మగ్గాల దగ్గర జరీ లెక్కలు రాసేవాడు కావచ్చు. చేతిలో పుస్తకం కనబడితే మన ఊళ్లు ఎవరినైనా సారనే పిలుస్తాయి. పుస్తకం ఎలా ఉందని అడిగితే "మంచిగనే ఉన్నది గానీ" అంటాడు. ఆ మంచి అరక్షణంలో అయిపోతుంది, గానీ మాత్రం ముప్పావుగంట నడుస్తుంది. ఇలాంటివాడి చేతికి ఇంగ్లండు దొరల ప్రేమకథ ఒకటి ఇచ్చి చూడాలి. రాజు మూడో జార్జికి మతి చెడితే 1811 నుంచి 1820 దాకా కొడుకు రీజెంటుగా ఉండి రాజ్యం నడిపాడు. ఆ తొమ్మిదేళ్లలో జరిగినట్టుగా అల్లిన ప్రేమకథలకు ఈనాటికీ లోకంలో గిరాకీ తగ్గలేదు. డ్యూకులు, బగ్గీలు, మేడల్లో నాట్యాలు, మూడు వందల పేజీల కీచులాట, చివర పెళ్లి. చదివినవాళ్లలో కొందరు "అబ్బ" అంటారు, కొందరు "ఛీ" అంటారు. గానీ సారు ఆ రెండూ అనడు. "డ్యూకుకు ఎన్ని ఊర్లున్నయంట?" అని అడుగుతాడు.

ఈ ప్రశ్న విన్నవాళ్లు అతనికి రసం తెలియదని తేల్చేస్తారు. వెన్నెల్లో హీరో చెయ్యి చాపుతుంటే శిస్తు లెక్క అడిగేవాడికి ప్రేమకథ ఎందుకని వాళ్ల వాదం. నేను దీన్ని తిరగేసి చెబుతాను. ప్రేమకథకు గానీ సారును మించిన ప్రేమికుడు లేడు. లేని మనిషికి ఆస్తి ఎంతని ఎవరూ అడగరు. పిల్లను ఇవ్వబోయే ఇంటి గురించే మనం ఎన్ని ఎకరాలు, ఎన్ని బోర్లు, బాకీలేమైనా ఉన్నాయా అని ఆరా తీస్తాం. గానీ సారు ఆ డ్యూకును కాగితం మీది బొమ్మగా చూడడం లేదు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన మనిషిగా చూస్తున్నాడు. "సూపర్" అని పుస్తకం మూసేసినవాడికి పిల్ల ఎవరి పాలబడ్డా ఒకటే.

అతని ప్రశ్నలు దగ్గరగా చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ఈ కథలన్నిటికీ పెద్దమ్మ లాంటి జేన్ ఆస్టెన్ నవల, 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్', హీరో డార్సీకి ఏడాదికి పదివేల పౌండ్ల రాబడి అని చెబుతుంది. అతని స్నేహితుడు బింగ్లీది అందులో సగానికి మించదు. మామూలు పాఠకుడు పదివేలనగానే కళ్లు పెద్దవి చేసి పేజీ తిప్పుతాడు. గానీ సారు అక్కడే ఆగిపోతాడు. "పదివేలు ఏడికెల్లి వస్తయి? కౌలా, శిస్తా, వడ్డీనా? దాంట్లకెల్లి పైకి కట్టేదెంత?" సంస్థానాల నేల మీద పుట్టినవాడికి దొరతనం అంటే ముందు జమాబందీ, తరవాతే మీసం. నిజాముకు పేష్కష్ కట్టిన గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కథలు అతను పాలతోపాటు తాగాడు. ఇంక బెన్నెట్ గారి అయిదుగురు ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి సారు ఓపిక పూర్తిగా నశిస్తుంది. కొడుకు లేడు కాబట్టి ఇల్లూ భూమీ ఎవరో దూరపు బంధువుకు పోతాయట! "దత్తత తీసుకుంటే పోదా?" అంటాడు. సంస్థానాలు దత్తపుత్రుల మీద నిలబడటం అతనికి తెలుసు. గద్వాలను చివర్న ఏలింది మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ అనీ తెలుసు. కోటలో ఉన్న డిగ్రీ కాలేజీకి ఆమె పేరే. మగదిక్కు లేకపోతే ఆస్తి గోడ దూకి పారిపోయే చట్టం అతని బుర్రకు ఎక్కదు. నవల మొత్తం ఆ చట్టం మీదే నిలబడిందని చెబితే, "అయితే ఆ ముసలాయనది తప్పు" అని తండ్రి మీద పడతాడు. రెండు వందల ఏళ్ల అవతల చచ్చిపోయిన కాలపు తండ్రి, అదీ కల్పించినవాడు! ఇంత కోపం నమ్మకం లేనిదే రాదు.

ఇది ఉత్త లెక్కల చాదస్తమైతే అన్ని పుస్తకాల మీదా ఒకేలా ఉండాలి కదా. ఉండదు. అపరాధ పరిశోధన నవలలో ఒకే ఊళ్లో పన్నెండు హత్యలు జరిగినా జనాభా అడగడు. సినిమాలో హీరో ముప్పై మందిని ఎగరగొట్టినా వైద్యం ఖర్చు అడగడు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా 'చంద్రికాపరిణయం' అనే ప్రబంధం రాశాడు. అదీ రాజుగారి ప్రేమా పెళ్లీ కథే, పైగా మన మట్టిదే. కథానాయకుడు సుచంద్రుడికి శిస్తు వసూలైందా లేదా అని గానీ సారు ఏనాడూ విచారించలేదు. పద్యం ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. గట్టు దాటేది వచనంలో వచ్చిన ప్రేమ దగ్గరే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివిన తరం ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. అందులో రాజశేఖరం మన డ్యూకే, బగ్గీకి బదులు కారు. భార్య తెప్పించుకున్న వారపత్రికను ఆమె కంటే ముందే విప్పి సీరియల్ చదివి, మడత చెదరకుండా పెట్టి, సాయంత్రం "ఏం పత్రికలో ఏమో" అని గొణిగిన గానీ సార్లు ఆ రోజుల్లో ఇంటికొకరు. పై వారం ఏమవుతుందో వాళ్లకు తెలియాలి. తెలియాలని తెలియకూడదు.

పాఠకుల అభిప్రాయాల విషయంలో ఆస్టెన్ మనకొక చక్కటి సాక్ష్యం వదిలింది. 'ఎమ్మా' అచ్చయ్యాక బంధువులూ తెలిసినవాళ్లూ ఏమన్నారో శ్రద్ధగా రాసి పెట్టుకుంది. పొగిడినవీ తిట్టినవీ ఒకే వరసలో, ఏ సంజాయిషీ లేకుండా. కథ మరీ సహజంగా ఉండటం వల్ల ఆసక్తి కలగలేదని ఒకావిడ అందట. రాసినామె తెలిసినామె కాకపోతే చివరిదాకా లాగడమే కష్టమయ్యేదని ఇంకొకావిడ. ఫౌల్ అనే పెద్దమనిషి మరీ ఘనుడు. బాగాలేదని విని మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం మాత్రమే చదివాడట. ఎడిన్‌బరో రివ్యూ సంపాదకుడు జెఫ్రీ మాత్రం మూడు రాత్రులు నిద్ర మానుకున్నాడని ఆ జాబితాలోనే ఉంది. నా తూకంలో ఫౌల్ గారి మౌనం కంటే గానీ సారు నస వెయ్యి రెట్లు బరువు. రెండు వందల పదిహేడో పేజీలో గుర్రం రంగు మారిందని పట్టుకున్నవాడు దానికి ముందున్న రెండు వందల పదహారూ వదల్లేదనేగా?

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక మాట అడ్డు వేస్తారు. ఊర్లెన్ని అని అడగటం ప్రేమ కాదు, న్యాయం. ఆ పదివేల కింద నలిగినవాళ్ల తరఫున అడుగుతున్నాడు, దాన్ని వలపుగా చిత్రించి పలచన చేయకండి, అని. ఈ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. వెట్టి చేసిన తాతల మనవలు మేడను చూసి సున్నం ఎవరు మోశారని అడగటం న్యాయమే. ఆస్టెనే 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో మేడ యజమానికి అంటిగ్వా దీవిలో ఆస్తి పెట్టింది. చెరకు తోటల్లో బానిసలు చాకిరీ చేసిన దీవి అది. అయితే మిగతా సగం చూడండి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, వనపర్తి రాజమహల్లో పాలిటెక్నిక్ నడుస్తోంది, అక్కడి రాజా రామేశ్వరరావు ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధిపతిగా పేరు తెచ్చుకున్నాడు. ఏలినవారు పుస్తకాల వ్యాపారానికి వచ్చారు, ఏలబడినవారు పుస్తకాల తప్పులు పట్టడానికి వచ్చారు, లెక్క సరిపోయింది. అయినా గానీ సారు నోట వెట్టి కథ ఎంత మంటతో వస్తుందో, దసరా ఏనుగు అంబారీ కథ అంత మెరుపుతోనూ వస్తుంది. ఒకే నోరు, ఒకే పూట. దొర మీద కోపం పోలేదు, దర్బారు మీద మోజూ పోలేదు. ఇంగ్లండు డ్యూకు అతనికి ఈ రెంటినీ అప్పు లేకుండా తీర్చుకునే చోటు. కసి తీరా తిట్టవచ్చు, కళ్లారా చూడవచ్చు, ఊళ్లో ఎవరూ ఏమీ అనుకోరు.

"అసలు ఆ కాలంలో అట్ల లేకుండె" అనేది అతని ఆఖరి ఆయుధం. అసలూ నకిలీ అన్న ఈ మాటకు సోమశిలలో కూర్చుని బలం తేవడం కష్టం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోబోతే అక్కడి పాత గుళ్లను విప్పి, రాళ్లు మోసుకొచ్చి, ఎగువన మళ్లీ కట్టారు. గానీ సారు శివరాత్రికి వెళ్లి అదే లలితా సోమేశ్వరుడికి మొక్కుతాడు. చోటు మారింది కాబట్టి గుడి కాదని అనడు. నది అవతలి ఒడ్డున సంగమేశ్వరుడు నీళ్లు తగ్గితేనే కనబడతాడు. నీళ్లున్నన్ని నెలలూ లేడని అనడు. కథకు మాత్రం ఈ వెసులుబాటు ఎందుకివ్వడంటే, ఇస్తే తనకు కథ కావాలని ఒప్పుకున్నట్టవుతుంది. అతను చదివి తిరిగిచ్చిన నవల తిప్పి చూడండి. అంచుల నిండా పెన్సిలు గీతలు, ప్రశ్నార్థకాలు, పక్కన కూడికలు. డ్యూకు మోకాలి మీద కూర్చుని పెళ్లి మాట ఎత్తే అధ్యాయంలో మాత్రం పన్నెండు పేజీలు తెల్లగా ఉంటాయి. పదమూడో పేజీలో పెన్సిలు మళ్లీ లేస్తుంది: "బగ్గీకి ఎన్ని గుర్రాలు?"